జీ31, జీ41, హెచ్61, హెచ్81: పాత డెస్క్‌టాప్‌కు ఏ బోర్డు వేయించుకోవాలి?

"బోర్డు పోయిందంటన్నా, ఏది వేయించమంటావు?" బోర్డు అంటే ప్రాసెసర్, ర్యామ్ అన్నీ కూర్చునే మదర్‌బోర్డు. తిరుపతిలో సిస్టమ్ సర్వీస్ చేసేవాడిని కాబట్టి ఈ మాట నాకు వారానికి రెండుసార్లన్నా వినపడుతుంది. అడిగేవాళ్లు అప్పటికే ఇంకో రెండు అంగళ్లు తిరిగి వచ్చి ఉంటారు. ఒకాయన జీ41 చాలన్నాడు, ఇంకొకాయన ఈ కాలంలో 775 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే గూడు) ఏంది, హెచ్61కి పో అన్నాడు, మూడో ఆయన పాతదంతా తీసేసి హెచ్81 సెట్టు కొనుక్కోమన్నాడు. ముగ్గురు చెప్పిందీ అబద్ధమేం కాదు. ఎవరి అల్మారాలో ఏది ఉంటే వాళ్లు దాన్ని మెచ్చుకుంటున్నారు, అంతే.

ఈ నాలుగూ ఇంటెల్ చిప్‌సెట్ల పేర్లు, అంటే బోర్డు మీద మిగతా భాగాలను ప్రాసెసర్‌తో కలిపే చిప్పులవి. 2007 నుంచి 2013 దాకా వచ్చినవి, మన పక్క డీటీపీ సెంటర్లలో, ఫైనాన్స్ ఆఫీసుల్లో, ఇళ్లల్లో ఇప్పటికీ తిరుగుతున్నాయి. బోర్డు మీద కంపెనీ పేరు ఏదైనా కానీ, దాంట్లో ఏ ప్రాసెసర్ కూర్చుంటుంది, ఎంత ర్యామ్ పడుతుంది అనేది ఈ చిప్‌సెట్టే తేలుస్తుంది. అందుకే అంగట్లో మేం కూడా కంపెనీ పేరు చెప్పం, "ఒక హెచ్61 ఇవ్వన్నా" అనే అడుగుతాం. ధరలు మాత్రం రాయడం లేదు, సెకండ్ హ్యాండ్ రేటు పొద్దున ఒకటి, మాపటికి ఒకటి.

## ముందు డబ్బా మూత తీయండి

బోర్డు ఒక్కటే విడిగా కొనే వస్తువు కాదు. దాని వెనకాల ప్రాసెసర్, ర్యామ్, ఫ్యాన్ అన్నీ తోకలా వస్తాయి. కాబట్టి మీ డబ్బాలో (కేబినెట్‌లో) ఇంకా ఏమేం బతికి ఉన్నాయో చూసుకోవడం మొదటి పని. 775 బోర్డు పోయి మళ్లీ 775 బోర్డే వేస్తే పాత ప్రాసెసర్, పాత ఫ్యాన్ దాంట్లోనే కూర్చుంటాయి (జీ31కి కొన్ని ప్రాసెసర్లతో పేచీ ఉంది, అది కింద చెప్తాను). 1155 సాకెట్‌కు మారితే రెండూ మారాలి. ఫ్యాన్ ఎందుకు మారాలని చాలామంది వాదిస్తారు. 775 బోర్డులో ఫ్యాన్ బిగించే రంధ్రాల మధ్య దూరం 72 మిల్లీమీటర్లు, 1155లో 75. మూడు మిల్లీమీటర్లే గదా అని బలవంతంగా నొక్కి ఫ్యాన్ కాళ్లు విరగ్గొట్టుకుని మా దగ్గరికి వచ్చినవాళ్లున్నారు. 1155 నుంచి 1150కి మాత్రం అదే ఫ్యాన్ సరిపోతుంది.

రెండోది, డబ్బా వెనక ఏం తగిలించి ఉన్నాయో చూడండి. వెడల్పాటి 25 పిన్నుల ప్రింటర్ వైరు ఉందా? తొమ్మిది పిన్నుల కామ్ పోర్టుకు ఏదైనా మెషీన్ కలిపి ఉందా? ఉంటే సలహా మొత్తం అక్కడే మారిపోతుంది.

మూడోది విండోస్. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11 అధికారికంగా ఈ నాలుగింటిలో దేనికీ లేదు. అడ్డదారిలో ఎక్కించేవాళ్లు ఉన్నారు, కానీ 24హెచ్2 వెర్షన్ నుంచి ఆ అడ్డదారి కూడా 775 బోర్డులకు మూసుకుపోయింది, ఎందుకంటే అది అడిగే ఒక ప్రాసెసర్ ఆదేశం కోర్ 2 డ్యుయో, కోర్ 2 క్వాడ్‌లలో అసలు లేనే లేదు. బూట్ కూడా కాదు. లినక్స్ మింట్ లాంటివి వాడేవాళ్లకు ఈ గొడవ లేదు.

నాలుగోది ర్యామ్ ఎంతదాకా పెంచుకోవచ్చు అనేది. ఈ రోజుల్లో బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరిస్తేనే 4 జీబీ ఉక్కిరిబిక్కిరి అవుతుంది, కాబట్టి రోజూ నెట్ మీద పని ఉన్నవాళ్లు మిగతావన్నీ పక్కనపెట్టి దీన్నే ముందు చూసుకోవాలి.

| విషయం | జీ31 | జీ41 | హెచ్61 | హెచ్81 |
|---|---|---|---|---|
| వచ్చిన ఏడాది | 2007 | 2008 | 2011 | 2013 |
| సాకెట్ | 775 | 775 | 1155 | 1150 |
| ప్రాసెసర్ | డ్యుయల్ కోర్, కోర్ 2 డ్యుయో, కోర్ 2 క్వాడ్ | అవే | ఐ3, ఐ5, ఐ7 రెండో, మూడో తరం | ఐ3, ఐ5, ఐ7 నాలుగో తరం |
| ర్యామ్ | డీడీఆర్2 | డీడీఆర్2 లేదా డీడీఆర్3, బోర్డును బట్టి | డీడీఆర్3 | డీడీఆర్3 |
| ఎక్కువలో ఎక్కువ ర్యామ్ | 4 జీబీ | 8 జీబీ | 16 జీబీ | 16 జీబీ |
| సాటా (డిస్కు తగిలించే పోర్టు) వేగం | 3 గిగాబిట్ | 3 గిగాబిట్ | 3 గిగాబిట్ | రెండు పోర్టులు 6, రెండు 3 |
| యూఎస్‌బీ 3.0 | లేదు | లేదు | చిప్‌సెట్‌లో లేదు | రెండు |
| విండోస్ ఎక్స్‌పీ డిస్‌ప్లే డ్రైవర్ | ఉంది | ఉంది | ఉంది | లేదు |

## జీ31: ఉన్నదాన్ని ఉన్నట్టే నడపాలంటేనే

కొత్తగా ఎవరైనా జీ31 కొంటామంటే నేను వద్దనే చెప్తాను. 4 జీబీ దాటదు, డీడీఆర్2 ర్యామ్ మంచిది దొరకాలంటే వెతుక్కోవాలి, ప్రాసెసర్ బస్సు (ప్రాసెసర్, చిప్‌సెట్ మాట్లాడుకునే దారి) వేగం అధికారికంగా 1066 దగ్గరే ఆగుతుంది. కొన్ని బోర్డుల మీద 1333 అని రాసి పక్కన చిన్నగా ఓసీ అని ఉంటుంది, అంటే ఓవర్‌క్లాక్ మీద, నిర్ణయించిన వేగం దాటించి నడిపిస్తున్నామని వాళ్లే ఒప్పుకుంటున్నారు. ఈ8400 లాంటి 1333 బస్సు ప్రాసెసర్ మీ దగ్గరుంటే దీని జోలికి పోవద్దు.

కానీ ఒకసారి ఇదే నా పరువు కాపాడింది. జూన్ చివర్లో చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో వే బ్రిడ్జ్ కంప్యూటర్ ఆగిపోయిందని ఫోన్ వచ్చింది. పోయి చూస్తే గేటు బయట తోతాపురి కాయలతో ట్రాక్టర్లు వరసగా నిలబడి ఉన్నాయి, డ్రైవర్లు బండ్ల కింద నీడ చూసుకుని పడుకున్నారు. సూపర్‌వైజర్ నా సంచీ వైపే చూస్తున్నాడు. కాటా మీద బరువు తొమ్మిది పిన్నుల కామ్ పోర్టు గుండా కంప్యూటర్‌లోకి వస్తుంది, చీటీ 25 పిన్నుల డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌లో పడుతుంది, ఆ ప్రోగ్రామ్ ఎక్స్‌పీ మీద తప్ప నడవదు, దాన్ని రాసినాయన ఫోన్ నంబర్ ఎవరి దగ్గరా లేదు. నేను తెలివిగా హెచ్81 సెట్టు తీసుకుపోయాను, కొత్తది వేస్తే ఇంకో అయిదేళ్లు చూసుకోనక్కర్లేదని. ఎక్స్‌పీ ఎక్కింది కానీ ఆ ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కు ఎక్స్‌పీ డ్రైవరే లేదు, స్క్రీన్ మీద అక్షరాలు ఉబ్బిపోయి ప్రోగ్రామ్ సగం బయటికి పోయింది, ఆ బోర్డు వెనక ప్రింటర్ పోర్టు కూడా లేదు. చివరికి అదే ఫ్యాక్టరీ స్టోర్ రూమ్‌లో మూలపడ్డ ఇంకో పాత డబ్బా విప్పితే జీ31 కనపడింది. పాత హార్డ్ డిస్కు దానికి తగిలించాను. డ్రైవర్లన్నీ అప్పటికే ఉన్నట్టున్నాయి, గంట లోపల మొదటి చీటీ కరకరమని బయటికొచ్చింది.

ఇలాంటి చోట జీ31 దొరక్కపోతే జీ41 చూడండి, అదీ లేకపోతే వెనక పోర్టులు ఉన్న హెచ్61. హెచ్61లో ఎక్స్‌పీ వేసేటప్పుడు బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే బోర్డులో మొదట నడిచే ప్రోగ్రామ్) సాటాను ఏహెచ్‌సీఐ పద్ధతి నుంచి పాత ఐడీఈ పద్ధతికి మార్చకపోతే నీలం స్క్రీన్ పలకరిస్తుంది. ఎక్స్‌పీకి సపోర్ట్ 2014 ఏప్రిల్‌లోనే పోయింది కాబట్టి ఆ మెషీన్‌కు నెట్ వైరు మాత్రం తగిలించొద్దు.

## జీ41: ర్యామ్ దగ్గర మెలిక

జీ31, జీ41 రెండింటిలోనూ డిస్కు, యూఎస్‌బీ చూసుకునేది ఒకే ఐసీహెచ్7 చిప్పు. అందుకని ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్కు కంటే వేగమైన డిస్కు) వేస్తే రెండింట్లోనూ ఒకే తీరు. తేడా అంతా ప్రాసెసర్, ర్యామ్ వైపు ఉంది: బస్సు 1333 దాకా పోతుంది, ర్యామ్ 8 జీబీ దాకా పడుతుంది, డీడీఆర్3 రకం బోర్డులు దొరుకుతాయి. బోర్డు మాత్రమే పోయి, కోర్ 2 డ్యుయో ప్రాసెసర్, ఫ్యాన్, ఎస్‌ఎంపీఎస్ (డబ్బాలో కరెంటు ఇచ్చే పెట్టె) అన్నీ బాగుండి, ఇంట్లో టైపింగ్‌కో బిల్లులకో వాడుకునేవాళ్లకు ఇది తక్కువ దుడ్లతో తేలిపోయే దారి.

అయితే డీడీఆర్3 రకం జీ41 కొనేవాళ్లు ర్యామ్ కార్డును చేతిలోకి తీసుకుని దాని మీద నల్ల చిప్పులు లెక్కపెట్టాలి. 4 జీబీ కార్డు అయితే రెండు వైపులా కలిపి పదహారు ఉండాలి. ఈ చిప్‌సెట్ ఒక్కో చిప్పులో 2 గిగాబిట్లకు మించి చదవలేదు, పదహారు చిప్పులైతేనే లెక్క 4 జీబీకి తెగుతుంది. ఇప్పుడు దొరికే 4 జీబీ కార్డులు చాలావాటికి ఒక వైపే ఎనిమిది చిప్పులు ఉంటాయి. అవి హెచ్61లో చక్కగా నడుస్తాయి, ఇక్కడ పెడితే డిస్‌ప్లే రాదు. కొన్నవాడు బోర్డు చెడిపోయింది అంటాడు, అమ్మినవాడు ర్యామ్ చెడిపోయింది అంటాడు, రెండూ బాగానే ఉంటాయి. ఇంకో చిక్కు, మరీ చవగ్గా దొరికే కొన్ని డీడీఆర్3 కార్డులు ఏఎండీ బోర్డుల్లోనే పనిచేస్తాయి. అవి ఈ నాలుగింటిలో దేనికీ పనికిరావు, కొనేటప్పుడే అడగండి.

యూట్యూబ్ సంగతి కూడా చెప్పాలి. జీ41లో గ్రాఫిక్స్ కొంచెం మెరుగే కానీ ఇప్పటి వీడియోలను అది మోయదు, భారమంతా ప్రాసెసర్ మీదే పడుతుంది. ఈ7500 పెట్టుకుని పూర్తి హెచ్‌డీలో చూడాలనుకుంటే ఫ్యాన్ మోత వినాల్సిందే.

## హెచ్61: ఎక్కువమందికి నేను చెప్పేది

మీ దగ్గర 775 సెట్టు మొత్తం అలసిపోయి ఉంటే, ర్యామ్ కూడా డీడీఆర్2 అయితే, దాని మీద ఇంకో రూపాయి పెట్టకుండా హెచ్61కి రండి. ఐ3-2100 లాంటి చిన్న ప్రాసెసర్ పెట్టినా పాత కోర్ 2 డ్యుయోతో పోలిస్తే మనిషి మారినట్టు ఉంటుంది, ఐ5 పెడితే ఇంకా నయం. ఆఫీసుల నుంచి లాట్లుగా బయటికొచ్చినవి చాలా ఉండటంతో ప్రాసెసర్లకు కరువు లేదు. సాటా 3 గిగాబిట్ దగ్గరే ఆగింది గదా అని కొందరు వెనకాడతారు, హార్డ్ డిస్కు నుంచి ఎస్‌ఎస్‌డీకి మారినవాడికి ఆ తేడా తెలియనే తెలియదు. పెద్ద ఫైళ్లు కాపీ చేసేటప్పుడు తప్ప.

దీని తంటా బయోస్. ఒక డీటీపీ ఆయన బోర్డు ఒక చోట, ఐ5-3470 ప్రాసెసర్ ఇంకో చోట కొని తెచ్చాడు. బిగిస్తే ఫ్యాన్ తిరుగుతుంది, డిస్‌ప్లే లేదు. ర్యామ్‌ను రబ్బరుతో తుడిచాను, ఎస్‌ఎంపీఎస్ మార్చాను, బ్యాటరీ తీసి పెట్టాను. సాకెట్ పిన్నులను ఫోన్ లైటు వేసి పక్క నుంచి చూశాను. ఒక్క పిన్ను వంగినా వరసలో మెరుపు తెగుతుంది, ఇక్కడ అదీ లేదు. రెండు రోజులు పోయాయి. మూడో రోజు పొద్దున టీ తాగుతూ బోర్డు మీద రాసిన వెర్షన్ చూస్తే అప్పుడు వెలిగింది, అది 2011 నాటి బయోస్, మూడో తరం ప్రాసెసర్లు 2012లో వచ్చాయి. దానికి ఈ ప్రాసెసర్ ఎవరో తెలియదు. మూలనున్న ఐ3-2100 తీసి పెట్టగానే డిస్‌ప్లే వచ్చింది, పెన్ డ్రైవ్‌తో బయోస్ అప్‌డేట్ చేసి మళ్లీ ఐ5 పెట్టాను, నడిచింది. కాబట్టి హెచ్61 కొంటే మీ ప్రాసెసర్‌ను అంగట్లోనే పెట్టించి చూడండి, లేకపోతే బోర్డు, ప్రాసెసర్ ఒకే చోట జతగా తీసుకోండి.

కొత్త డబ్బాలో, ఎన్‌వీఎంఈ (ఇంకా వేగమైన ఎస్‌ఎస్‌డీ రకం) స్లాటుతో సహా, మెరుస్తూ వచ్చే హెచ్61 బోర్డులు కూడా ఉన్నాయి. పాత చిప్‌సెట్‌ను కొత్త బోర్డు మీద ఎక్కించినవి. నేను చాలాచోట్ల వేశాను, వారంటీ ఉండటం ఒక ధైర్యం. కానీ ఆ స్లాటు నుంచి విండోస్ బూట్ అవుతుందా లేదా అనేది బయోస్ మీద ఆధారపడి ఉంటుంది, అట్టపెట్టె మీద రాసింది నమ్మకుండా చేసి చూపించమనండి. పాత బోర్డు మంచి కెపాసిటర్లతో (కరెంటును సర్దే చిన్న గుండ్రటి డబ్బీలు) దొరికితే నా ఓటు ఇప్పటికీ దానికే.

## హెచ్81: మొత్తం సెట్టు కొనేవాళ్లకు

ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ మూడూ కొత్తగా కొనాల్సి వచ్చి, చేతిలో ఇంకొంచెం దుడ్లుంటే హెచ్61 దగ్గర ఆగకుండా ఇక్కడికే రావడం మేలు. రెండు వేగమైన సాటా పోర్టులు, రెండు యూఎస్‌బీ 3.0 పోర్టులు చిప్‌సెట్‌లోనే ఉన్నాయి. పెళ్లి ఫొటోలు, వీడియోలు పెన్ డ్రైవుల్లో, బయటి డిస్కుల్లో తెచ్చిచ్చే స్టూడియోలకు ఈ యూఎస్‌బీ ఒక్కటే చాలు, హెచ్61లో గంట పట్టే కాపీ ఇక్కడ టీ తాగి వచ్చేలోపల అయిపోతుంది. పాత హెచ్61లో ఉన్న డీడీఆర్3 ర్యామ్ ఇందులోకి పనికొస్తుంది, ఫ్యాన్ కూడా. ప్రాసెసర్ మాత్రం పనికిరాదు, 1155, 1150 పేర్లు దగ్గరగా ఉన్నాయని మోసపోవద్దు, ఆ అయిదు పిన్నుల తేడా తేడానే.

ఇక్కడ కూడా బయోస్ మెలిక కొంచెం ఉంది. ఐ3-4150, ఐ5-4590 లాంటివి 2014లో వచ్చాయి కాబట్టి తొలినాటి హెచ్81 బోర్డు వాటిని అప్‌డేట్ లేకుండా గుర్తుపట్టకపోవచ్చు. ఐ3-4130, ఐ5-4570 అయితే ఆ టెన్షన్ లేదు. పాత ఎస్‌ఎంపీఎస్ పెట్టి నడిపేవాళ్లకు సిస్టమ్ ఊరికే ఉన్నప్పుడు దానంతట అదే ఆగిపోతుంటే బయోస్‌లో సీ6, సీ7 అనే పవర్ ఆప్షన్లు ఆపి చూడండి. ఈ తరం ప్రాసెసర్ నిద్రలో తీసుకునేంత తక్కువ కరెంటును కొన్ని పాత ఎస్‌ఎంపీఎస్‌లు ఇవ్వలేవు.

## ఎవరికి ఏది

పేజ్‌మేకర్, అను ఫాంట్లతో పెళ్లి పత్రికలు, కరపత్రాలు వేసుకునేవాళ్లకు జీ41 కూడా సరిపోతుంది, ఆ సాఫ్ట్‌వేర్ అంతకు మించి అడగదు. అదే అంగడి ఫ్లెక్సీలు కూడా చేస్తుంటే కథ వేరు. ఇరవై అడుగుల బ్యానర్‌ను ఫొటోషాప్‌లో తెరిచినప్పుడు 8 జీబీ అయిపోయి డిస్కు మీద పడుతుంది, కస్టమర్ వెనక నిలబడి "ఇంకా కాలేదా సామీ" అంటుంటాడు. 16 జీబీ, ఐ5, హెచ్61 గానీ హెచ్81 గానీ. ఈ రెండు బోర్డులకూ ర్యామ్ స్లాట్లు రెండే, కాబట్టి ఒక స్లాటు చచ్చిన బోర్డును చవగ్గా వచ్చిందని తీసుకుంటే 8 జీబీ దగ్గరే ఇరుక్కుపోతారు.

యూనివర్సిటీ పక్క రూముల్లో ఉండి కోడింగ్ నేర్చుకునే పిల్లలకు హెచ్81, ఐ5-4570, లినక్స్. చేతిలో అంత లేకపోతే హెచ్61తో మొదలుపెట్టి ర్యామ్‌కు, ఎస్‌ఎస్‌డీకి దుడ్లు మిగుల్చుకోండి. ప్రాసెసర్‌లో ఒక మెట్టు ఎక్కడం కంటే ఎస్‌ఎస్‌డీ ఎక్కువ సుఖమిస్తుంది.

బ్రాండెడ్ డెస్క్‌టాప్ ఉన్నవాళ్లు ఇదంతా చదివి తొందరపడొద్దు. పెద్ద కంపెనీల డబ్బాల్లో కొన్నింటికి పవర్ కనెక్టరే వేరుగా ఉంటుంది, ముందువైపు స్విచ్చు వైరు వేరుగా ఉంటుంది, మామూలు బోర్డు లోపల పట్టదు. అలాంటిదానికి అదే మోడల్ బోర్డు వెతకాలి, లేదా డబ్బాతో సహా మార్చాలి.

## కొనే రోజు

తిరుపతిలో దొరక్కపోతే మనవాళ్లు చెన్నై రిచీ స్ట్రీట్‌కు పోతారు. అక్కడ రకాలు ఎక్కువే, కానీ బోర్డు చెడిపోతే మళ్లీ మార్చుకోవడానికి ఒక రోజు, బస్సు చార్జీ పోతాయని లెక్కలో వేసుకోండి. యాభై, వంద తేడా అయితే ఇక్కడే తీసుకోవడం నయం.

ఎక్కడ కొన్నా నేను చూసే వరస ఇది. ప్రాసెసర్ పక్కనుండే కెపాసిటర్ల తలలు చదునుగా ఉండాలి, ఉబ్బి ఉంటే అడగడం కూడా దండగ. మన ఎండలకు, ఏసీ లేని గదుల్లో మొదట పోయేవి అవే. చిప్‌సెట్ చుట్టూ పసుపు జిగురు మరక కనపడితే దాన్ని ఎవరో వేడి చేసి మళ్లీ అతికించారని అర్థం. తర్వాత కరెంటు ఇప్పించి రెండు ర్యామ్ స్లాట్లూ విడివిడిగా, నెట్ పోర్టు, ఆడియో, ఒక్కో సాటా పోర్టు, వెనకున్న యూఎస్‌బీలన్నీ. అంగడాయన విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. వెనక బిగించే రేకు ప్లేటు అడిగి తీసుకోండి, అది లేకపోతే బల్లులు, బొద్దింకలు లోపలికి కాపురానికి వస్తాయి.

గుండ్రటి చిన్న బ్యాటరీ అక్కడే కొత్తది వేయించుకోండి. అది అయిపోతే తేదీ ఎప్పుడో 2009కి పోతుంది, బ్రౌజర్‌లో ఏ సైటు తెరిచినా సెక్యూరిటీ తప్పని ఎర్ర హెచ్చరిక వస్తుంది. అప్పుడు కొత్త బోర్డు కూడా పోయిందని చెప్పి మా దగ్గరికి మోసుకొస్తారు.